అబుల్ ఆస్ బిన్ రబీ (రజి): మాట నిలుపుకున్న అల్లుడు

మన తెలుగు ముస్లిం ఇళ్ళల్లో 'విశ్వాసం' అనే మాట రెండు పనులు చేస్తుంది. ఈమాన్‌ను విశ్వాసం అంటాము, ఈమాన్ కలవాణ్ణి విశ్వాసి అంటాము. అదే నోటితో, అన్నం పెట్టిన ఇంటిని మరిచిపోనివాణ్ణి చూసి వీడికి విశ్వాసం ఉందంటాము. కోపం వస్తే కుక్కకున్న విశ్వాసం కూడా వీడికి లేదని దెప్పుతాము. ఉర్దూ మాట్లాడే ఇళ్ళల్లో ఈ రెండో దాన్ని వఫా అంటారు, వఫాదారీ అంటారు. గజళ్ళు, సినిమా పాటలు ఆ మాటను పూర్తిగా ప్రేమికుల పాలు చేసేశాయి. పత్రికల్లో దానికి 'విధేయత' అని రాస్తుంటారు. కాని విధేయత అంటే చెప్పినట్టు వినడం. అరబీలో దానికి ఇతాఅత్ అనే వేరే పదం ఉంది. వఫా వేరు, ఇతాఅత్ వేరు.

అరబీ భాషలో వఫా అనే పదం పుట్టిన ధాతువుకు అసలు అర్థం పూర్తి చేయడం, కొరత లేకుండా చెల్లించడం. ఒప్పందాలను నెరవేర్చమని ఆజ్ఞాపించిన అల్ మాయిదా సూరా మొదటి ఆయత్‌లోనూ, వాగ్దానాన్ని గురించి రేపు లెక్క అడగడం జరుగుతుందని హెచ్చరించిన బనీ ఇస్రాయీల్ సూరా 34వ ఆయత్‌లోనూ, ఆ వెంటనే కొలిచేటప్పుడు నిండుగా కొలవమన్న 35వ ఆయత్‌లోనూ ఉన్నది ఈ ధాతువే. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం)ను అల్లాహ్ అన్ నజ్మ్ సూరాలో ప్రశంసించినది కూడా ఈ మాటతోనే. ఎవరైనా చనిపోతే వఫాత్ అయ్యారంటామే, అదీ అక్కడిదే. వాగ్దానాన్నీ, దుకాణంలోని కొలపాత్రనూ ఖుర్‌ఆన్ పక్కపక్కనే పెట్టి ఒకే మాటతో చెప్పడం చదువరులు గమనించాలి. మన చేతికి వచ్చినది ఎంత, మనం తిరిగి ఇచ్చినది ఎంత అనే లెక్క వఫాలో ఉంది.

మహాప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి మస్జిదె నబవీలో మింబర్ మీద నిలబడి, తమ ఇంటి ఆడపడుచుకు సంబంధించిన ఒక విషయం ప్రస్తావిస్తూ, తమ అల్లుళ్ళలో ఒకరిని పేరు పెట్టి మెచ్చుకున్నారు. ఆయన తమతో చెప్పినది నిజమే చెప్పారనీ, తమకు ఇచ్చిన మాటను నెరవేర్చారనీ అన్నారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ హదీసులో ఆ రెండో మాటకు వాడిన పదం వఫాయే. ఆ అల్లుడు హజ్రత్ అలీ (రజి) కారు, హజ్రత్ ఉస్మాన్ (రజి) కారు. చాలాకాలం ఇస్లాంకు దూరంగా ఉండి, బద్ర్‌లో శత్రుపక్షాన నిలబడి, ఖైదీగా పట్టుబడిన మనిషి. ఆయన పేరు అబుల్ ఆస్ బిన్ రబీ (రజి).

అబుల్ ఆస్ ఖురైషులలో బనూ అబ్ద్ షమ్స్ వంశీయులు. తల్లి హాలా బింతె ఖువైలిద్, హజ్రత్ ఖదీజా (రజి)కి సొంత చెల్లెలు. అంటే ఖదీజా (రజి) ఆయనకు పెద్దమ్మ. ఆమె ఆయనను కన్నకొడుకులా చూసుకునేవారు. మక్కాలో ధనంలోనూ, వర్తకంలోనూ, నమ్మకంలోనూ పేరున్న కొద్దిమందిలో ఆయన ఒకరు. జనం తమ సరుకు, సొమ్ము ఆయన చేతిలో పెట్టి సిరియాకు పంపేవారు. తమ పెద్ద కుమార్తె జైనబ్ (రజి)ను ఆయనకిచ్చి పెళ్ళి చేద్దామని ఖదీజా (రజి) భర్తను అడిగారు. దైవప్రవక్త (స) ఆమె మాట కాదనలేదు. ఇది వహీ రాకముందు జరిగిన వివాహం. కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పుడు ఖదీజా (రజి) తమ హారం ఒకటి తీసి ఆమె మెడలో వేశారు. ఆ హారం సంగతి చదువరులు గుర్తుంచుకోవాలి.

తర్వాత ప్రవక్త పదవి లభించింది. ఖదీజా (రజి), ఆమె కుమార్తెలు ఇస్లాం స్వీకరించారు. అబుల్ ఆస్ స్వీకరించలేదు. మక్కా పెద్దలకు అప్పుడు ఒక ఉపాయం తోచింది. ముహమ్మద్ (స) కూతుళ్ళ బరువు ఆయన మీదే పడేస్తే ఆయన ఇంటి దిగుల్లో మునిగిపోతారని వారి ఆలోచన. రుఖయ్యా (రజి), ఉమ్మె కుల్సూం (రజి)లకు అబూ లహబ్ కొడుకులతో సంబంధం కుదిరి ఉంది. ఆ కొడుకులిద్దరూ తండ్రి మాట మీద తలాఖ్ ఇచ్చేశారు. చూడండి, అది విధేయతే, తండ్రి చెప్పినట్టు విన్నారు. వఫా మాత్రం అందులో లేదు. ఖురైషులు అబుల్ ఆస్ దగ్గరికి కూడా వచ్చారు. ఆమెను వదిలెయ్యి, ఖురైషులలో నీకు నచ్చిన ఏ స్త్రీనైనా ఇచ్చి చేస్తామన్నారు. ఆయన ససేమిరా అన్నారు. తన భార్యను వదలననీ, ఆమె స్థానంలో మరో ఖురైషీ స్త్రీ తనకు వద్దనీ చెప్పి పంపించేశారు.

మన సమాజంలో వఫా అనగానే అది భార్య చేయవలసిన పని అన్నట్టు మాట్లాడతారు. పెళ్ళి ప్రసంగాల్లో కోడలికి చెప్పినన్ని సుద్దులు పెళ్ళికొడుకుకు ఎవరూ చెప్పరు. ఊరు ఊరంతా కలిసి భార్యను వదలమన్నప్పుడు, ఆమె ధర్మం తనకు నచ్చకపోయినా, నా ఇల్లు మీకెందుకని నిలబడిన భర్త ఇక్కడ ఉన్నాడు. ఆ నిలబడటాన్ని మామగారు మరిచిపోలేదు.

హిజ్రత్ జరిగింది. దైవప్రవక్త (స) మదీనా వెళ్ళిపోయారు. జైనబ్ (రజి) మాత్రం భర్తతో మక్కాలోనే ఉండిపోయారు. ఇస్లాం వారిద్దరి మధ్య గీత గీసినప్పటికీ, మక్కాలో దాన్ని అమలు పరిచే అధికారం ప్రవక్త (స)కు లేకపోయిందని సీరత్ రచయిత ఇబ్నె ఇస్‌హాఖ్ రాశారు. ఆ ఇంట్లో ఒకరు ఖిబ్లా వైపు తిరిగి సజ్దా చేసేవారు, మరొకరు తాత తండ్రుల పద్ధతిలో ఉండేవారు.

హిజ్రీ 2వ ఏట (క్రీ.శ. 624) రమజాన్‌లో బద్ర్ సంగ్రామం జరిగింది. ఖురైషు సైన్యంలో అబుల్ ఆస్ కూడా ఉన్నారు. భార్య కోసం తెగను ఎదిరించిన మనిషి, తెగ కోసం భార్య తండ్రి మీదికి కత్తి కట్టుకుని వచ్చారు. దీన్ని మనం కప్పిపుచ్చనక్కరలేదు. తెగ బయలుదేరితే తానూ బయలుదేరాలనేది ఆ కాలపు కట్టు. దానికి కూడా ఈనాడు మనం వఫాదారీ అనే పేరే పెడతాము. నా కులంవాడు, నా ఊరివాడు, నా పార్టీవాడు కాబట్టి తప్పైనా ఒప్పైనా వాడి వెంటే ఉంటానంటే ధర్మ పరిభాషలో దానికి అసబియ్యత్ అని పేరు. అబుల్ ఆస్ (రజి) జీవితంలో వఫా ఎక్కడ ఉందో, అసబియ్యత్ ఎక్కడ ఉందో విడివిడిగా చూస్తేనే ఆయన మనకు అర్థమవుతారు.

బద్ర్‌లో ఖురైషులు 70 మంది చనిపోగా 70 మంది ఖైదీలయ్యారు. ఖైదీలలో ప్రవక్త (స) అల్లుడూ ఉన్నారు. ఆయనకు ప్రత్యేక మర్యాద ఏమీ జరగలేదు. అందరికీ ఉన్న నియమమే ఆయనకూ, విమోచన ధనం చెల్లించాలి. కలిగినవారికి అది 4000 దిర్హముల దాకా ఉండేది. మక్కా నుంచి ఒక్కొక్కరి బంధువులు సొమ్ము పంపసాగారు. జైనబ్ (రజి) కూడా భర్త కోసం కొంత సొమ్ము పంపారు. ఆ సొమ్ముతో పాటు ఒక హారం కూడా ఉంది. పెళ్ళినాడు తల్లి తన మెడలో వేసిన హారమే అది.

అప్పటికి ఖదీజా (రజి) కన్నుమూసి కొన్నేళ్ళయింది. ఆ హారం చూడగానే దైవప్రవక్త (స) మనసు కరిగి నీరయింది. ఈ సంగతి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పగా అబూ దావూద్‌లో నమోదైంది. అప్పుడు ఆయన (స) ఏం చేశారో నిదానంగా గమనించండి. సైన్యానికీ, రాజ్యానికీ నాయకులు ఆయనే. ఆజ్ఞాపిస్తే కాదనేవారు లేరు. అయినా ఆజ్ఞాపించలేదు. ఆ ఖైదీల మీద ముస్లిములందరికీ హక్కు ఉంది. అందుకని, మీకు సమ్మతమైతే ఆమె ఖైదీని విడిచిపెట్టి, ఆమె సొమ్ము ఆమెకు తిరిగి పంపవచ్చునని సహాబాలను అడిగారు. వారు సంతోషంగా ఒప్పుకున్నారు. హారం మళ్ళీ మక్కాకు వెళ్ళింది.

విడుదల చేసేటప్పుడు ప్రవక్త (స) అల్లుడి దగ్గర ఒక మాట తీసుకున్నారు. మక్కా చేరాక జైనబ్ (రజి)ను మదీనాకు పంపించివేయాలి. అబుల్ ఆస్ సరేనన్నారు.

ఇప్పుడు ఆలోచించండి. ఖైదులో ఉన్నవాడు విడుదల కోసం ఏ మాటైనా ఇస్తాడు. మక్కా చేరిన తర్వాత ఆయనను అడిగేవారెవరు? చుట్టూ ఉన్నది తన తెగ. ఆ తెగ బద్ర్ దెబ్బకు రగిలిపోతోంది. మాట తప్పితే నింద మాట అటుంచి శభాష్ అని వీపు తట్టేవారు. పైగా నిలుపుకోవలసిన మాట చిన్నది కాదు. ఏ భార్యను వదలమంటే ఊరంతటినీ కాదన్నారో, ఆ భార్యనే తన చేతులతో సాగనంపాలి. సొమ్ము మాట అయితే ఎక్కడైనా సంపాదించి తీర్చవచ్చు. అబుల్ ఆస్ ఇంటికి చేరగానే, తండ్రి దగ్గరికి బయలుదేరమని జైనబ్ (రజి)తో చెప్పారు.

ఆమె ప్రయాణానికి సర్దుకుంటుండగా హింద్ బింతె ఉత్బా వచ్చారు. బద్ర్‌లో ఆమె తండ్రి, చిన్నాన్న, సోదరుడు చనిపోయారు. వెళ్తున్నావట కదా, దారి ఖర్చుకు ఏమైనా కావాలంటే సిగ్గుపడకుండా అడుగు, మగవాళ్ళ గొడవలు ఆడవాళ్ళ మధ్యకు రానక్కరలేదని అన్నారు. ఆమె నిజంగానే అన్నదని జైనబ్ (రజి)కి అనిపించింది. అయినా భయపడి, వెళ్ళడం లేదని దాటవేశారు.

ఆమెను తీసుకుపోవడానికి దైవప్రవక్త (స) జైద్ బిన్ హారిసా (రజి)ను, ఒక అన్సారీ సహాబీని పంపించారు. వారు మక్కా బయట బత్న్ యాజజ్ అనే చోట ఎదురుచూస్తున్నారు. అబుల్ ఆస్ సోదరుడు కినానా విల్లు, అమ్ములపొది భుజాన వేసుకుని, వదినగారి ఒంటె ముక్కుతాడు పట్టుకుని పట్టపగలే బయలుదేరాడు. సంగతి తెలిసి ఖురైషులు వెంటపడ్డారు. జీతువా దగ్గర అందుకున్నారు. ముందుగా వచ్చిన హబ్బార్ బిన్ అస్వద్ బల్లెంతో అంబారీలో ఉన్న ఆమెను బెదరగొట్టాడు. అప్పుడామె గర్భవతి. ఆ దెబ్బకు గర్భం పోయింది. కినానా మోకాళ్ళ మీద కూర్చుని, బాణాలన్నీ ముందు పరుచుకుని, దగ్గరికొచ్చినవాడికి బాణం తప్పదని హెచ్చరించాడు. అంతలో అబూ సుఫ్యాన్ వచ్చి సర్దుబాటు చేశాడు. ఆమెను ఆపి ఉంచవలసిన అవసరం తమకు లేదనీ, అయితే బద్ర్ గాయం పచ్చిగా ఉన్న సమయంలో పట్టపగలు తీసుకుపోతే జనం దాన్ని తమ చేతకానితనంగా చెప్పుకుంటారనీ, ఇప్పటికి వెనక్కి తీసుకెళ్ళి గోల సద్దుమణిగాక రాత్రిపూట పంపించమనీ అన్నాడు. అలాగే కొన్ని రాత్రుల తర్వాత ఆమెను తీసుకెళ్ళి జైద్ (రజి)కు అప్పగించారు. ఒకసారి వెనక్కి వచ్చింది కదా, నా మాట తీరిపోయిందని అనుకునే సందు అబుల్ ఆస్‌కు దొరికింది. ఆయన ఆ సందులో దూరలేదు.

సంవత్సరాలు గడిచాయి. భర్త మక్కాలో, భార్య మదీనాలో. ఉహుద్, ఖందఖ్ జరిగిపోయాయి. హిజ్రీ 6వ ఏట అబుల్ ఆస్ వర్తక బిడారుతో సిరియా వెళ్ళారు. అందులో తన సొమ్ముతో పాటు ఖురైషులు ఆయనను నమ్మి అప్పగించిన సొమ్ము కూడా ఉంది. తిరిగి వస్తుండగా ముస్లిం దళం ఆ బిడారును పట్టుకుంది. సరుకంతా పోయింది, ఆయన మాత్రం తప్పించుకున్నారు. (ఈ సంఘటన మక్కా విజయానికి కొద్దిగా ముందు జరిగిందని చెప్పిన చరిత్రకారులు కూడా ఉన్నారు.) మక్కా వైపు పారిపోతే ప్రాణం దక్కుతుంది గాని జనం సొమ్ము దక్కదు. ఆయన రాత్రి చీకట్లో మదీనాలోకి వచ్చి జైనబ్ (రజి) గడప తొక్కి శరణు అడిగారు. ఆమె ఇచ్చారు.

తెల్లవారింది. ఫజ్ర్ నమాజు కోసం దైవప్రవక్త (స) తక్బీర్ చెప్పారు, వెనక జనం తక్బీర్ చెప్పారు. అప్పుడు స్త్రీల వరుసలో నుంచి జైనబ్ (రజి) గొంతెత్తి, అబుల్ ఆస్ బిన్ రబీకి తాను అభయం ఇచ్చానని ప్రకటించారు. సలాం చెప్పిన తర్వాత ఆయన (స) జనం వైపు తిరిగి, నేను విన్నది మీరూ విన్నారా అని అడిగారు. విన్నామన్నారు. ఈ సంగతి ఇంతకు ముందు తనకు ఏమాత్రం తెలియదని ప్రమాణం చేసి, ముస్లిములలో అతి సామాన్యులు ఇచ్చిన అభయమైనా అందరి తరఫునా చెల్లుతుందని చెప్పారు. కూతురి ఇంటికి వెళ్ళి, అతిథిని గౌరవంగా చూసుకో, అయితే అతను నీ దగ్గరికి రాకూడదు, నీవు అతనికి ధర్మసమ్మతం కావు అన్నారు. ఆదరణలో లోటు లేదు, హద్దు విషయంలో సడలింపు లేదు.

తర్వాత బిడారును పట్టుకున్న దళంవారిని పిలిపించారు. ఈ మనిషికీ మాకూ ఉన్న సంబంధం మీకు తెలిసినదే, మీరు ఉపకారం చేసి అతని సొమ్ము తిరిగి ఇస్తే మాకు ఇష్టమే, ఇవ్వమంటే అది అల్లాహ్ మీకిచ్చినది, దానిపై హక్కు మీదేనన్నారు. బద్ర్ ఖైదీ విషయంలో ఎలా అడిగారో ఇక్కడా అలాగే అడిగారు. వారు అంతా తెచ్చి ఇచ్చేశారు. ఒకడు తాడు తెచ్చాడు, ఒకడు పాత తోలుతిత్తి తెచ్చాడు, ఒకడు చిన్న నీళ్ళపాత్ర, మరొకడు మూట బిగించే కర్రముక్క తెచ్చాడు. ఒక్క వస్తువూ తగ్గలేదు.

ఇక్కడే అసలు పరీక్ష వచ్చింది. ఇది ముష్రికుల సొమ్ము కదా, ఇస్లాం స్వీకరించు, ఈ సొమ్మంతా నీదే అవుతుందని ఆయనకు సలహా ఇచ్చినవారున్నారని ఇబ్నె హిషాం పేర్కొన్న ఒక కథనం ఉంది. నా ఇస్లాంకు ఆరంభమే అమానతులో ద్రోహమైతే అది ఎంత చెడ్డ ఆరంభమని ఆయన బదులిచ్చారు. మదర్సాలో మొదటిసారి ఈ ఘట్టం చదివిన రోజు నాకు ఆ సలహా ఇచ్చినవారి మీద కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కోపం లేదు, ఎందుకంటే అదే సలహాను నమాజీల నోటనే ఎన్నోసార్లు విన్నాను. అవతలివాడు మన ధర్మంవాడు కాదు కదా, వాడి బాకీ ఎగ్గొడితే ఏమవుతుందని అడిగేవారు మనలో లేరా? గల్ఫ్ నుంచి వచ్చే మిత్రుడి చేతికి నమ్మి ఇచ్చి పంపిన సొమ్ము అడిగితేగాని ఇవ్వనివారు లేరా? ఆ బిడారులోని సొమ్ము ఎవరిది? ప్రవక్త (స)తో యుద్ధం చేస్తున్నవారిది. అయినా అది అమానతే.

అబుల్ ఆస్ మక్కా చేరుకున్నారు. ఎవరి సరుకు వారికి, ఎవరి లాభం వారికి లెక్క కట్టి ఇచ్చేశారు. తర్వాత జనాన్ని పిలిచి, నా దగ్గర ఇంకా ఎవరిదైనా బాకీ ఉందా అని అడిగారు. ఎవరిదీ లేదన్నారు. నీవు మాట నిలుపుకునే పెద్దమనిషివని దీవించారు. అక్కడ వారి నోటి నుంచి వచ్చినదీ వఫా ధాతువు నుంచి పుట్టిన మాటే. అప్పుడాయన అందరి ఎదుట షహాదత్ కలిమా పలికారు. మదీనాలోనే ముస్లిం అయ్యేవాణ్ణి, మీ సొమ్ము మింగడానికి అలా చేశానని మీరు అనుకుంటారనే భయమే నన్ను ఆపిందని చెప్పారు. ఆ తర్వాత హిజ్రత్ చేసి మదీనా వచ్చేశారు.

దైవప్రవక్త (స) జైనబ్ (రజి)ను ఆయనకు తిరిగి అప్పగించారు. మునుపటి నికాహ్‌తోనే అప్పగించారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం. కొత్త నికాహ్, కొత్త మహర్‌తో అని మరో ఉల్లేఖనం ఉంది. దీనిపై ఫుఖహాల చర్చ సుదీర్ఘమైనది, ఈ వ్యాసంలో దానికి చోటు లేదు. ఎవరికైనా ఇలాంటి సమస్య వస్తే ఈ కథ చూసి సొంతంగా ఫత్వా ఇచ్చుకోకుండా ముఫ్తీని అడగాలి.

అన్నేళ్ళ ఎడబాటు తర్వాత కలిసిన ఆ కాపురం ఎంతో కాలం సాగలేదు. హిజ్రీ 8వ ఏట జైనబ్ (రజి) కన్నుమూశారు. గుస్ల్ ఇస్తున్న స్త్రీలకు, రేగాకులు కలిపిన నీటితో బేసి సంఖ్యలో స్నానం చేయించమనీ, చివరిసారి కర్పూరం కలపమనీ దైవప్రవక్త (స) చెప్పారు. తమ లుంగీ తీసి ఇచ్చి, కఫన్‌లో దాన్ని ఆమె ఒంటికి తగిలేలా చుట్టమన్నారు. ఈ హదీసును ఆ గుస్ల్‌లో పాల్గొన్న ఉమ్మె అతియ్యా (రజి) తెలిపారు.

ఆ దంపతులకు అలీ అనే కొడుకు, ఉమామా అనే కూతురు ఉన్నారు. కొడుకు చిన్నవయసులోనే పోయాడు. మనవరాలు ఉమామాను తాతగారు (స) భుజాన ఎత్తుకుని నమాజు చేయించడం, సజ్దాకు వెళ్ళేటప్పుడు కింద దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకోవడం సహీహ్ హదీసులలో ఉంది. ఆ హదీసులో ఆ పాప ఎవరి కూతురో చెబుతూ తల్లి జైనబ్ (రజి) పేరుతో పాటు తండ్రి అబుల్ ఆస్ పేరు కూడా చెప్పారు.

అబుల్ ఆస్ (రజి) హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 12వ ఏట (క్రీ.శ. 634) జుల్‌హజ్జ్ నెలలో మరణించారు. జీవితమంతా ఇతరుల అమానతులు మోసిన ఆయన పోయేముందు తన అమానతును, తల్లి లేని ఉమామాను, మేనమామ కొడుకైన జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) చేతుల్లో పెట్టారు. హజ్రత్ ఫాతిమా (రజి) మరణానంతరం ఉమామాను హజ్రత్ అలీ (రజి)కి ఇచ్చి నికాహ్ చేయించినది ఆ జుబైర్ (రజి)యే.